ఏక్యూఐ 120 అంటే 120 ఏమిటి?

ఒక ఫోన్‌లో యాప్ తెరిస్తే మన ఊరి గాలి 100 దగ్గర ఉంటుంది. లేత ఆకుపచ్చ రంగు, పక్కన ‘సంతృప్తికరం’ అనే మాట. అదే నిమిషంలో పక్కవాడి ఫోన్‌లో ఇంకో యాప్ 154 చూపిస్తుంది. ఎర్ర రంగు, ‘ఆరోగ్యానికి హానికరం’. ఊరు అదే, గాలి అదే, చివరికి ఆ రెండు యాప్‌లూ తీసుకున్న మీటర్ రీడింగ్ కూడా ఒకటే అయ్యుండొచ్చు. మరి రెండింట్లో ఏది అబద్ధం?

ఏదీ కాదు. మొదటిది మన దేశపు పట్టికతో లెక్క కట్టింది, రెండోది అమెరికా పట్టికతో. ఒక క్యూబిక్ మీటర్ గాలిలో 60 మైక్రోగ్రాముల సన్నటి ధూళి ఉంటే మన పట్టిక దానికి 100 ఇస్తుంది. అమెరికా వాళ్ళు 2024లో సవరించుకున్న పట్టిక 154 ఇస్తుంది. అదే ఏడాది నవంబరు 18న ఢిల్లీలో ఈ తేడా దేశమంతా చూసింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, అంటే సీపీసీబీ, ఆ రోజు బులెటిన్‌లో 494 అని ఇస్తే, కొన్ని విదేశీ యాప్‌లు వెయ్యి దాటించేశాయి. ‘ప్రభుత్వం దాచేస్తోంది’ అని కొందరు, ‘విదేశీ యాప్‌లు భయపెడుతున్నాయి’ అని కొందరు. పట్టికలు తేడా అన్న సంగతి పెద్దగా ఎవరికీ పట్టలేదు. మన పట్టిక 500 దగ్గర ఆగిపోతుంది. ఆ పైన గాలి ఎంత చెడినా అది 500 అనే అంటుంది.

అసలు విషయం ఇక్కడే ఉంది. ఉష్ణోగ్రతను థర్మామీటర్ కొలుస్తుంది. ఏక్యూఐని కొలిచే యంత్రం మాత్రం ప్రపంచంలో ఎక్కడా లేదు. అది కొలిచింది కాదు, లెక్క కట్టింది. మన భాషలో చెప్పాలంటే అదొక ఫంక్షన్ అవుట్‌పుట్. ఇన్‌పుట్ ఏంటి, లోపల రూల్స్ ఏంటి, ఏది అసలు ఇన్‌పుట్‌గానే తీసుకోదు అన్నవి తెలియకపోతే ఆ అంకె మనకి ఒక రంగు మాత్రమే. అందుకని దాన్ని కోడ్ చదివినట్టు చదువుదాం.

దుమ్ము వేరు, నుసి వేరు

మన దేశంలో ఈ సూచీ 2015 ఏప్రిల్‌లో మొదలైంది. ఇందులో ఎనిమిది పదార్థాలకు చోటుంది: పీఎం 10, పీఎం 2.5, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం. మన ఊళ్ళలో చాలా రోజులు అంకెను తేల్చేవి మొదటి రెండే కాబట్టి వాటి దగ్గరే ఎక్కువసేపు ఉందాం.

పీఎం అంటే పార్టిక్యులేట్ మ్యాటర్. స్కూల్లో మనం ఈ మాటను ఇలాగే బట్టీ పట్టేశాం. ఇంట్లో మాత్రం దీనికి ఎప్పటినుంచో విడివిడి పేర్లున్నాయి. లారీ వెళ్తే లేచేది దుమ్ము. పురుగు పట్టిన చెక్క బీరువా కింద రాలేది నుసి. కిరోసిన్ దీపం పైన గోడకి పట్టేది మసి. పొయ్యిలో మిగిలేది బూడిద. అమ్మమ్మలు ఈ నాలుగింటినీ ఒకదానితో ఒకటి కలపరు. యంత్రం కలిపేస్తుంది. అది దేంతో తయారైందో యంత్రానికి అక్కర్లేదు, సైజు ఒక్కటి చాలు.

10 మైక్రాన్లు, అంతకంటే చిన్న రేణువులన్నీ పీఎం 10. 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్నవి పీఎం 2.5. అంటే రెండోది మొదటిదాంట్లో భాగమే, వేరే గుంపు కాదు. రెండింటినీ కూడేసి ‘మొత్తం ధూళి’ అని స్లైడ్‌లో పెట్టే వాళ్ళు ఇది గమనించాలి. మన తల వెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది, దాంతో పోల్చుకోండి. పెద్ద రేణువులు చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. సన్నవి ఊపిరితిత్తుల చివర ఉండే గాలి తిత్తుల దాకా వెళ్తాయి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఈ లెక్క తెలిస్తే మిగతా వ్యాసం సగం అర్థమైనట్టే. యంత్రాలు ఇచ్చేది రేణువుల సంఖ్య కాదు, బరువు. గోళం బరువు వ్యాసానికి ఘనంలో పెరుగుతుంది. 10 మైక్రాన్ల రేణువు వ్యాసం 2.5 మైక్రాన్ల రేణువుకి 4 రెట్లు, కాబట్టి బరువు 4 × 4 × 4, అంటే 64 రెట్లు. అదే 0.1 మైక్రాన్ రేణువులైతే 15,625 కలిస్తే గానీ ఒక్క 2.5 మైక్రాన్ల రేణువుతో తూగవు. డీజిల్ ఇంజిన్ పొగలో సంఖ్యపరంగా ఎక్కువ ఉండేవి ఈ అతి చిన్నవే. తక్కెడలో పెడితే మాత్రం ఇసుక రేణువుదే పైచేయి. బరువుతో కొలిచే ఏ పద్ధతైనా పెద్దవాటి వైపు మొగ్గుతుంది.

ఫంక్షన్ లోపల

ప్రతి పదార్థానికి ఒక పట్టిక ఉంటుంది. పీఎం 2.5కి 30 దగ్గర సూచీ 50. 60 దగ్గర 100. 90 దగ్గర 200. 120 దగ్గర 300. 250 దగ్గర 400. పీఎం 10కి ఇవే మెట్లు 50, 100, 250, 350, 430 దగ్గర వస్తాయి. రెండు మెట్ల మధ్యలో రీడింగ్ పడితే సరళరేఖ గీసి విలువ తీస్తారు. ఇంటర్‌పొలేషన్, అంతే. ఇలా వచ్చిన దాన్ని ఆ పదార్థపు సబ్ ఇండెక్స్ అంటారు. 50 లోపు ‘మంచిది’, 100 లోపు ‘సంతృప్తికరం’, 200 లోపు ‘మధ్యస్థం’, అక్కడినుంచి వంద వంద చొప్పున ‘నాసి’, ‘మరీ నాసి’, చివరికి ‘తీవ్రం’.

ఒక రోజు పీఎం 2.5 సగటు 45, పీఎం 10 సగటు 130 అనుకుందాం. 45 అనేది 30కీ 60కీ సరిగ్గా మధ్యలో ఉంది కాబట్టి సబ్ ఇండెక్స్ కూడా 50కీ 100కీ మధ్యలో, అంటే 75. పీఎం 10 విషయంలో 100 నుంచి 250 దాకా 150 వెడల్పు, సూచీ 100 నుంచి 200 దాకా 100 వెడల్పు. మనం 30 ముందుకు వెళ్ళాం, కాబట్టి సూచీ 20 పెరుగుతుంది, 120. మిగతా వాయువులు తక్కువగానే ఉన్నాయనుకుందాం. ఆ రోజు ఊరి ఏక్యూఐ ఎంత?

చాలామంది సగటు తీస్తారు. కాదు. అన్నింటిలోకీ పెద్దది ఏదైతే అదే ఏక్యూఐ. అంటే 120. మొత్తం ఫంక్షన్ చివర్లో ఉన్నది ఒక్క మ్యాక్స్.

ఇది తెలివితక్కువ నిర్ణయమేమీ కాదు. సగటు తీస్తే ఒక విషవాయువు విపరీతంగా ఉన్నా మిగతా ఏడు బాగున్నాయని అంకె తగ్గిపోతుంది. ఆరు సబ్జెక్టుల్లో 90 వచ్చి ఒక దాంట్లో 10 వస్తే యావరేజ్ బాగానే ఉంటుంది గానీ బ్యాక్‌లాగ్ బ్యాక్‌లాగే కదా. మ్యాక్స్ ఆ బ్యాక్‌లాగ్‌ని బయట పెడుతుంది. కానీ దానికీ ఒక ఖర్చుంది. పై ఉదాహరణలో మర్నాడు పీఎం 2.5 45 నుంచి 60కి పెరిగిందనుకోండి. ఊపిరితిత్తుల లోపలికి వెళ్ళే సన్నటి ధూళి మూడో వంతు పెరిగింది. దాని సబ్ ఇండెక్స్ 75 నుంచి 100 అయింది. ఏక్యూఐ? పీఎం 10 మారకపోతే అదే 120. నిన్నా ఇవాళా అదే రంగు, అదే మాట. యాప్‌లో అంకె కింద చిన్న అక్షరాల్లో ‘ప్రధాన కాలుష్య కారకం’ అని ఉంటుంది చూడండి, దాన్ని చదవకుండా అంకె చదవడం దండగ అనేది ఇందుకే.

ఇంకోటి. ఏక్యూఐ 200 అంటే 100 కంటే రెట్టింపు చెడ్డ గాలి అని పేపర్లో రాసేస్తుంటారు. పీఎం 2.5 పట్టికలో 100 దగ్గర 60 మైక్రోగ్రాములు, 200 దగ్గర 90. ఒకటిన్నర రెట్లే. అదే 200 నుంచి 400కి వెళ్ళేసరికి 90 కాస్తా 250 అవుతుంది, దాదాపు మూడు రెట్లు. మెట్లు సమానంగా లేవు. గ్రాఫ్ గీయాలంటే, పోల్చాలంటే, మెషిన్ లెర్నింగ్ మోడల్‌కి ఇవ్వాలంటే ఏక్యూఐ కాకుండా దాని వెనక ఉన్న మైక్రోగ్రాములు తీసుకోండి.

పోనీ, ‘సంతృప్తికరం’ అంటే ఎవరికి సంతృప్తి? ఆ 60 అనే గీత 2009లో మన దేశం పెట్టుకున్న 24 గంటల ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన 24 గంటల పరిమితి 15. మన పట్టిక ఆకుపచ్చ రంగు వేసి చూపించే గాలి వాళ్ళ గీతకి నాలుగు రెట్లు ఉండొచ్చన్నమాట. దీన్ని మోసం అనక్కర్లేదు. ఎక్కువ దుమ్ముండే దేశం, చేరుకోగలిగే గీత పెట్టుకుంది అనుకోవచ్చు. కానీ ఊపిరితిత్తులకి ఏ దేశపు పట్టికా తెలియదు.

మ్యాక్స్ సంగతి ఊరి బడ్జెట్ దాకా వెళ్తుంది. 2019 జనవరిలో మొదలైన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం కింద వందకు పైగా నగరాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ, విజయవాడ, గుంటూరు, కర్నూలు, నెల్లూరు సహా 13. తెలంగాణలో హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి. ఈ నగరాల పనితీరును పీఎం 10 తగ్గిందా లేదా అని చూసి లెక్కేస్తారు. ఇందాకటి ఘనం లెక్క గుర్తుందా? పీఎం 10 బరువులో పెద్ద రేణువులదే రాజ్యం. రోడ్డు ఊడ్చే యంత్రం కొన్నా, నీళ్ళు చల్లే ట్యాంకర్ తిప్పినా ఆ అంకె కదులుతుంది. పాత డీజిల్ బండి పొగ, చెత్త తగలబెట్టిన పొగ అలాగే ఉన్నా ఆ అంకెకి పెద్దగా నొప్పి పుట్టదు. రోడ్లు ఊడ్చొద్దని కాదు. దేన్ని కొలిస్తే దానికే డబ్బు ఖర్చవుతుందన్నది మాత్రం నిజం.

ఇరవై నాలుగు గంటల దుప్పటి

ఏక్యూఐకి వాడేది ఈ క్షణపు రీడింగ్ కాదు. ఓజోన్‌కి, కార్బన్ మోనాక్సైడ్‌కి 8 గంటల సగటు, మిగతావాటికి 24 గంటల సగటు. అందులో కనీసం 16 గంటల డేటా ఉండాలి, కనీసం మూడు పదార్థాలుండాలి, వాటిలో పీఎం 10 గానీ పీఎం 2.5 గానీ తప్పనిసరి. లేకపోతే సూచీ ప్రకటించరు.

సగటు అంటే దుప్పటి లాంటిది, కింద ఉన్న ఎగుడుదిగుళ్ళు కనపడవు. ఒక రోజులో 22 గంటలు పీఎం 2.5 40 ఉండి, రెండు గంటలు మాత్రం 200 ఉందనుకోండి. సగటు 53 చిల్లర. సూచీ 89. ‘సంతృప్తికరం’. ఆ రెండు గంటలు ఎప్పుడన్నది బట్టి ఎవరు ఆ గాలి పీల్చారో మారిపోతుంది. తెల్లవారుజామున అయితే రోడ్లు ఊడ్చే మున్సిపల్ కార్మికులు, పాల ప్యాకెట్లు వేసే కుర్రాళ్ళు, ‘ఫ్రెష్ ఎయిర్’ కోసం వాకింగ్‌కి బయల్దేరిన తాతయ్యలు. పదింటికి లేచిన మనకి యాప్‌లో పచ్చ రంగు.

తెల్లవారుజామున అన్నది ఊరికే అనలేదు. చలికాలంలో రాత్రంతా నేల వేడిని వదిలేసి చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. పైన మాత్రం కాస్త వెచ్చటి పొర ఉంటుంది. చల్లటి గాలి బరువు, పైకి లేవదు. ఆ వెచ్చటి పొర గిన్నె మీద మూతలా కూర్చుంటుంది. రాత్రి నుంచి వెలువడిన పొగంతా ఆ మూత కిందే ఉంటుంది. ఎండెక్కి నేల వేడెక్కాక గానీ మూత లేవదు. ఇది హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరిలో పొద్దున్నే ఔటర్ రింగ్ రోడ్ మీద వెళ్ళేవాళ్ళకి కంటికే కనపడుతుంది. అంతా మంచు అనుకుంటాం. అందులో కొంత పొగ.

ఇప్పుడు భోగి మంట ఎప్పుడు వేస్తారో ఆలోచించండి. సరిగ్గా జనవరి మధ్యలో, సరిగ్గా మూత గట్టిగా బిగుసుకుని ఉండే వేళలో. పిడకలు, కట్టెలు వరకు అదొక రకం. పాత కుర్చీలు, రంగు చెక్కలు, ప్లాస్టిక్, టైర్లు వేసే కాలనీల్లో ఇంకో రకం. పండగ మానేయాలని చెప్పే వ్యాసం కాదిది. ఆ రోజు ఏక్యూఐ చూసి ‘ఏమీ కాలేదు’ అనేయకండి అంటున్నానంతే. ఆ పొగ సగటులోకి 24 ముక్కల్లో రెండు ముక్కలుగా మాత్రమే వెళ్తుంది. దీనికి రివర్స్ కూడా ఉంది: మధ్యాహ్నానికి గాలి శుభ్రపడిపోయినా ఆ రెండు ముక్కలు మర్నాటి దాకా సగటులో ఉండిపోతాయి. అంకె ముందూ వెనకా రెండువైపులా ఆలస్యమే.

నల్ వేరు, సున్నా వేరు

2020 మే 7. విశాఖపట్నం గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురం. తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ప్లాంట్‌లోని ట్యాంక్ నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చింది. లాక్‌డౌన్‌లో నిల్వ ఉండిపోయిన స్టైరీన్ వేడెక్కి, దానంతట అదే పాలిమర్‌గా మారుతూ ఇంకా వేడెక్కింది. స్టైరీన్ ఆవిరి గాలి కంటే మూడు రెట్లకు పైగా బరువు, కాబట్టి నేలను అంటుకునే పాకింది. జనం నిద్రలో ఉన్నారు. 12 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు.

పైన రాసిన ఎనిమిది పేర్ల జాబితా మళ్ళీ చూడండి. స్టైరీన్ లేదు. 2009 జాతీయ ప్రమాణాల్లో ఉన్న 12 పదార్థాల్లోనూ లేదు. ఆ ఊరి మధ్యలోనే మంచి కండిషన్‌లో ఉన్న మానిటరింగ్ స్టేషన్ ఉన్నా, ఏక్యూఐ ఫార్ములాకి ఆ ఆవిరిని తీసుకునే ఆర్గ్యుమెంటే లేదు. పీఎం, నైట్రోజన్ డయాక్సైడ్ తక్కువగా ఉంటే అది నిశ్చింతగా ‘సంతృప్తికరం’ అనగలదు.

డేటాబేస్ క్లాసులో మొదట చెప్పేది ఇదే కదా: నల్ అంటే సున్నా కాదు. కొలవలేదు అంటే లేదు అని కాదు. ఏక్యూఐ రోజువారీ నగర కాలుష్యం కోసం కట్టిన సూచీ, పరిశ్రమల ప్రమాదాలకి వేసిన అలారం కాదు. ఫ్యాక్టరీ పక్కన ఉండేవాళ్ళకి కావలసింది ఆ ఫ్యాక్టరీలో ఏముందో చెప్పే సమాచారం, మోగే సైరన్, ఎటు పరిగెత్తాలో ముందే నేర్పిన మాక్ డ్రిల్. నగరమంతటికీ కలిపి ఇచ్చే ఒక్క అంకె ఆ పని చేయలేదు. చేస్తుందని మనం అనుకోవడమే ప్రమాదం.

ఇలాంటిదే చిన్న స్థాయిలో కూడా. విశాఖ కొండలకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరు. పోర్టులో బొగ్గు, ఇనుప ఖనిజం కుప్పలుంటాయి. పాత నగరం వైపు ఇళ్ళల్లో నల్లటి పొడి పేరుకుంటోందన్నది జనం ఏళ్ళ తరబడి చేస్తున్న ఫిర్యాదు. స్టేషన్ దగ్గరి గాలి ఎలా ఉందో చెప్పే అంకెతో, గాలి వీచే వైపున ఉన్న వీధిలో ఆరేసిన తెల్ల చొక్కా వాదించగలదు. నేనైతే చొక్కా మాట కూడా వింటాను. పైగా కొన్ని యాప్‌లు దగ్గర్లో స్టేషనే లేకపోయినా ఉపగ్రహం, వాతావరణ మోడల్ కలిపి అంచనా వేసిన అంకె చూపిస్తాయి. అది అంచనా అని ఎక్కడో ఒక మూల రాసి ఉంటుంది. ఆ మూల వెతకండి.

మన మినీ ప్రాజెక్టుల సంగతి

ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనైనా ప్రాజెక్టుల లిస్టు తెరవండి, ‘ఐవోటీ బేస్డ్ ఎయిర్ క్వాలిటీ మానిటరింగ్ సిస్టమ్’ కనీసం ఒకటి ఉంటుంది. ఆర్డుయినో, ఎంక్యూ 135 సెన్సర్, ఒక డిస్‌ప్లే. రివ్యూ రోజు టీమ్ లీడర్ అగరుబత్తి వెలిగించి సెన్సర్ దగ్గర పెడతాడు, అంకె ఎగురుతుంది, మేడమ్ గారు సంతకం పెడతారు. డిస్‌ప్లే మీద ‘ఏక్యూఐ: 412’.

ఆ 412 ఏమిటి? ఎంక్యూ 135లో వేడి చేసిన టిన్ డయాక్సైడ్ పొర ఉంటుంది. అమ్మోనియా, ఆల్కహాల్, బెంజీన్, పొగ లాంటివి తగిలితే దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఏది తగిలిందో దానికి తెలియదు. అగరుబత్తికీ ఎగురుతుంది, పెర్‌ఫ్యూమ్‌కీ ఎగురుతుంది, శానిటైజర్‌కీ ఎగురుతుంది. ఆర్డుయినో ఆ వోల్టేజీని 0 నుంచి 1023 మధ్య అంకెగా మారుస్తుంది. మనం ఆ అంకె పక్కన ‘ఏక్యూఐ’ అని ప్రింట్ చేసేస్తున్నాం. ధూళిని అది కొలవనే కొలవదు. పీఎం లేకుండా ఏక్యూఐ లెక్కించకూడదన్నది రూలే. పైగా వాడే ముందు 24 గంటలకు పైగా వేడెక్కనివ్వమని దాని డేటాషీట్ చెబుతుంది, మనం రివ్యూకి పది నిమిషాల ముందు వైర్లు గుచ్చుతాం. ప్రాజెక్టు పనికిరాదని కాదు. ‘వాయువుల వాసన పట్టే అలారం’ అని పేరు పెడితే అది నిజాయితీగల, మంచి ప్రాజెక్టు. క్యాంటీన్ కిచెన్‌లో పనికొస్తుంది కూడా.

ధూళి కావాలంటే లేజర్ సెన్సర్లున్నాయి. పీఎంఎస్ 5003, ఎస్‌డీఎస్ 011 లాంటివి. నలుగురు టీమ్ పంచుకుంటే భరించగలిగే ఖర్చే. లోపల చిన్న ఫ్యాన్ గాలిని లాగుతుంది, లేజర్ కాంతి రేణువుల మీద పడి చెదురుతుంది, ఆ చెదిరిన కాంతిని బట్టి ఎన్ని రేణువులు, ఏ సైజు అని అంచనా వేసి, దాన్నుంచి బరువు లెక్కిస్తుంది. పీఎంఎస్ 5003 ఆ లెక్కని 32 బైట్ల ప్యాకెట్‌గా పంపుతుంది, చివరి రెండు బైట్లు చెక్‌సమ్. అది సరిచూడకుండా డేటా తీసుకునే టీమ్‌కి అప్పుడప్పుడు వింత అంకెలొస్తాయి, అది గాలి తప్పు కాదు.

సీపీసీబీ స్టేషన్లలో చాలాచోట్ల వాడే యంత్రం పద్ధతే వేరు. గంటకి ఒక క్యూబిక్ మీటర్ గాలిని, అంటే నిమిషానికి 16.7 లీటర్లు, ఫిల్టర్ టేపు గుండా లాగుతుంది. టేపు మీద ధూళి పేరుకుంటుంది. ఒకవైపు నుంచి కార్బన్ 14 వదిలే బీటా కిరణాలు పంపి, రెండోవైపు ఎన్ని తగ్గాయో చూస్తుంది. తగ్గినదాన్ని బట్టి బరువు. ఇది బరువుకి చాలా దగ్గరి కొలత. మన లేజర్ సెన్సర్‌ది కాంతి నుంచి బరువుకి వేసిన ఊహ.

ఆ ఊహ ఎక్కడ తప్పుతుందంటే తేమలో. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా మూత తీసి ఉంచితే ఏమవుతుంది? నీరు చేరుతుంది. గాలిలో ఉండే ఉప్పు, సల్ఫేట్ రేణువులూ అంతే. గాలిలో తేమ 75, 80 శాతం దాటాక నీళ్ళు పీల్చి ఉబ్బుతాయి. లేజర్‌కి పెద్ద రేణువు కనపడుతుంది, పీఎం పెరిగిందని రాసేస్తుంది. నిజానికి పెరిగింది నీళ్ళు. బీటా యంత్రాల్లో లోపలికొచ్చే గాలిని కాస్త వేడి చేసి ఆ తేమ ఆరబెడతారు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్ళలో ప్రాజెక్టు చేసేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. తెల్లవారుజామున మీ గ్రాఫ్‌లో కనపడే శిఖరంలో కొంత ఇందాకటి మూత వల్ల, కొంత ఈ ఉబ్బు వల్ల. రెండింటినీ విడదీయకుండా ‘ఉదయం కాలుష్యం ఎక్కువ’ అని కన్‌క్లూజన్ రాయలేం.

రెండో చోటు ముతక దుమ్ము. ఈ చిన్న ఫ్యాన్ బరువైన రేణువుల్ని సరిగ్గా లోపలికి లాగలేదు. సెన్సర్ పీఎం 10 అని ఒక అంకె ఇస్తుంది గానీ అందులో చాలావరకు చిన్నవాటిని చూసి పెద్దవాటిని ఊహించిందే. కొత్త బ్లాక్ కడుతున్న చోట, సిమెంటు దుమ్ము కళ్ళలో పడుతుంటే మీ డిస్‌ప్లే ప్రశాంతంగా ఉండొచ్చు. ఈ సెన్సర్‌తో పీఎం 10 గురించి, దాని మీద ఆధారపడే ఏక్యూఐ గురించి పెద్ద మాటలు చెప్పకపోవడం మంచిది.

మరి ఏం చేయొచ్చు? వీలైతే సెన్సర్‌ని కొన్ని రోజులు ప్రభుత్వ స్టేషన్ పక్కన పెట్టి రెండింటి గంట సగటుల్నీ పోల్చాలి. తేమను కూడా ఒక వేరియబుల్‌గా తీసుకుని రిగ్రెషన్ చేయాలి. మూడో సెమిస్టర్ గణితం చాలు. స్టేషన్ దగ్గరికి అనుమతి దొరకకపోతే రెండు ఒకేరకం సెన్సర్లు పక్కపక్కన పెట్టి అవి ఒకదానితో ఒకటి ఎంత ఏకీభవిస్తున్నాయో చూడండి. నిజం ఎంతో తెలియకపోయినా, అబద్ధం ఎంత వెడల్పో తెలుస్తుంది.

సెన్సర్ లేనివాళ్ళు కూడా చేయగలిగేది ఒకటుంది, అదే నాకు అన్నింటికంటే నచ్చేది. సీపీసీబీ వెబ్‌సైట్‌లో స్టేషన్ల డేటా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, పావుగంట సగటుల దాకా ఇస్తారు. సమీర్ యాప్‌లో అంకె చూసి ఊరుకోకుండా, మీ ఊరికి దగ్గరి స్టేషన్ ఎంచుకుని, భోగికి వారం ముందు నుంచి వారం తర్వాత దాకా పీఎం 2.5 గంట సగటులు తీసుకోండి. ఒక గ్రాఫ్‌లో గంట విలువలు, అదే గ్రాఫ్ మీద 24 గంటల రన్నింగ్ సగటు. ఖాళీగా ఉన్న గంటల్ని సున్నాతో నింపకండి, ఖాళీగానే వదిలేయండి. తర్వాత ఇక్కడ ఇచ్చిన మెట్లతో సబ్ ఇండెక్స్ ఫంక్షన్ రాయండి. టెస్ట్ కేసులు: పీఎం 2.5 45 ఇస్తే 75 రావాలి, 60 ఇస్తే 100, పీఎం 10 130 ఇస్తే 120. మన క్లబ్ తర్వాతి సంచికకి ఆ గ్రాఫ్‌లు పంపితే ఊరూరి భోగి పక్కపక్కన పెట్టి వేద్దాం. పంపేటప్పుడు కాలమ్ పేరు ‘ఏక్యూఐ’ అని కాకుండా ‘పీఎం 2.5, గంట సగటు, మైక్రోగ్రాములు’ అని పూర్తిగా రాయండి, స్టేషన్ పేరు కూడా.